గోడవారగా వేసిన బల్ల

1940 ఫిబ్రవరి 29, లాస్ ఏంజెలెస్. ‘గాన్ విత్ ది విండ్’లో మామీ పాత్రకి హాటీ మెక్‌డానియల్ ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ అందుకుంది. ఆ బహుమతి గెలిచిన మొదటి నల్లజాతి మనిషి ఆవిడే. కానీ ఆ రాత్రి ఆవిడని సినిమా బృందంతో కాకుండా, గోడవారగా వేసిన చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు. రెండు నెలల ముందు అట్లాంటాలో జరిగిన ప్రీమియర్‌కయితే అసలు వెళ్లే వీలే లేకపోయింది. జార్జియాలో జాతి వేర్పాటు చట్టాలు అలా ఉండేవి.

ఇది చదివితే జాలి కలుగుతుంది. జాలిపడటం తేలిక. అసలు ప్రశ్న వేరే ఉంది. బానిసత్వాన్ని తీపి జ్ఞాపకంలా చూపించిన సినిమా అది. దొరల కుటుంబమే తన లోకం అనుకునే మనిషి మామీ. హాటీ తల్లిదండ్రులేమో బానిసలుగా పుట్టినవాళ్లు. మరి ఆ పాత్ర ఆవిడ చెయ్యొచ్చా? ఎన్‌ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ ఇలాంటి పాత్రలని గట్టిగానే విమర్శించాడు.

ఆయన మాట కొట్టిపారేయలేం. తెర మీద బొమ్మ నటి బతుకుతెరువు దగ్గరే ఆగిపోదు. చూసినవాళ్లు ‘వీళ్లు ఇలాగే సుఖంగా ఉండేవాళ్లు’ అనుకుంటారు. ఆవిడ ఎంత బాగా నటిస్తే ఆ అబద్ధం అంత నిజంలా కనిపిస్తుంది. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే.

అయితే ఆవిడ ముందున్న దారులెన్ని? మా ఆఫీసు భాషలో చెప్తాను. డ్రాప్‌డౌన్‌లో ‘పనిమనిషి’, ‘వంటమనిషి’ అని రెండే ఆప్షన్లు పెట్టి, ‘పనిమనిషి’ ఎందుకు సెలెక్ట్ చేశావని యూజర్‌ని నిలదీస్తే ఎలా? మానేయొచ్చుగా అంటారు. మానేస్తే ఆ పాత్ర ఇంకొకరు చేస్తారు. నిజమే, ఈ వాదన ప్రమాదకరం. ప్రతి లొంగుబాటుకీ సాకుగా పనికొస్తుంది.

అందుకే తెర బయట ఆవిడేం చేసిందో చూడాలి. షుగర్ హిల్ అనే పేటలో ఇల్లు కొనుక్కుంటే, దస్తావేజుల్లోని షరతు చూపించి, నల్లవాళ్లు ఇక్కడ ఉండకూడదంటూ తెల్ల ఇరుగుపొరుగు కోర్టుకెక్కారు. తోటి నల్లజాతి యజమానులతో కలిసి ఆవిడ పోరాడింది. 1945లో జడ్జి ఆ దావా కొట్టేశాడు. 1948లో, వేరే కేసులో, అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని సుప్రీంకోర్టే చెప్పింది. ఎదురుతిరిగే దారి దొరికిన చోట హాటీ ఎదురుతిరిగింది. సాకు వెతుక్కునేవాళ్లకీ, దారి లేనివాళ్లకీ తేడా తెలిసేది ఇలాంటి చోటే.

కాబట్టి సినిమా మీద తీర్పూ, నటి మీద తీర్పూ ఒకటే కానక్కర్లేదు. మామీ అబద్ధమే. కానీ దాన్ని హాటీ ఒక్కదాని ఖాతాలో రాస్తే, ఆ కథ రాసినవాళ్లూ, తీసినవాళ్లూ, టికెట్ కొని చప్పట్లు కొట్టినవాళ్లూ తప్పించుకుంటారు.

హాలీవుడ్ సిమెట్రీలో తనని పూడ్చమని కోరి 1952లో ఆవిడ చనిపోయింది. తెల్లవాళ్లకి మాత్రమే అని అక్కడ కుదరదన్నారు. ఆవిడ తర్వాత నటనకి ఆస్కార్ గెలిచిన నల్లజాతి స్త్రీ వూపీ గోల్డ్‌బర్గ్. అది 1991. ఈ మధ్యలో ‘ఆ పాత్ర ఎందుకు ఒప్పుకున్నావ్’ అన్న ప్రశ్న హాటీకి ఎన్నోసార్లు ఎదురైంది. ఆ బల్ల అక్కడ వేయించిందెవరని అడిగినవాళ్లు తక్కువ.