గొట్టం మారిన ఇంజన్ ఏ ఇంజన్?

1970లలో మెర్సిడెస్ కంపెనీ తన కార్లకు ఐదు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఒకటి అమర్చింది. ఓఎం617 అని దాని పేరు. మూడు లీటర్ల ఇంజన్, బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. లక్షల కిలోమీటర్లు తిరిగినా చెక్కుచెదరదని లోకమంతా పేరు తెచ్చుకుంది. అంత మొండి ఇంజన్‌ను కూడా ఒక మామూలు ఉక్కు గొట్టం మూలన పడేయగలదు. హీటరు దాకా వెళ్ళిన కూలెంటును తిరిగి నీటి పంపుకు చేర్చే గొట్టం అది. కూలెంటులోని తుప్పు నిరోధక రసాయనాల బలం తగ్గేకొద్దీ దాన్ని లోపలి నుంచే తుప్పు తినేస్తుంది. పైకి కనబడేది హోస్ క్లిప్పు కింద పేరుకున్న కాస్త పొక్కు మాత్రమే. ఒకరోజు అక్కడ సూదిమొన అంత రంధ్రం పడుతుంది. రేడియేటర్ మూత సుమారు ఒక అట్మాస్ఫియర్ అదనపు ఒత్తిడిని బిగబట్టి ఉంచుతుంది కాబట్టే లోపలి నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. రంధ్రం పడితే ఆ ఒత్తిడి పోయి నీళ్ళు 100 దగ్గరే మరుగుతాయి. మట్టం పడిపోయాక సెన్సరు నీటిలో కాకుండా ఆవిరిలో ఉండిపోతే, హెడ్డు కాలిపోతున్నా ముల్లు మామూలు వేడినే చూపించవచ్చు. ఇంత పని మోసే ఆ గొట్టం తయారీని కంపెనీ ఆపేసిందనుకుందాం. అప్పుడు యజమానికి మిగిలేవి మూడు దారులు: తుక్కుకు పోయిన మరో కారు నుంచి ఊడదీసుకోవడం, ఎక్కడో గోడౌన్లో అమ్ముడుపోకుండా ఉండిపోయినదాన్ని వెతికి పట్టుకోవడం, లేదా కొత్తగా వంపించి చేయించుకోవడం. మూడో దారి పట్టినవాణ్ణి తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు, ఇంకా ఇది ఒరిజినల్ ఇంజనేనా అని.

ఆ ప్రశ్న మన తర్కశాస్త్రమంత పాతది. కుండను ఆవంలో కాలిస్తే ఏమవుతుందన్న దాని మీద వైశేషికులకూ నైయాయికులకూ పెద్ద వాదం నడిచింది. వేడికి పచ్చికుండ పరమాణువులుగా విడిపోతుంది, ఆ పరమాణువుల్లోనే రంగు మారుతుంది, అవి మళ్ళీ కూడి వేరే కుండ పుడుతుంది అన్నారు వైశేషికులు. దీన్ని పీలుపాకమన్నారు. కుండ కుండగానే ఉంటుంది, రంగు మాత్రమే మారుతుంది అన్నది నైయాయికుల పిఠరపాకం. చూసినవాడు ‘ఇది ఆ కుండే’ అని గుర్తుపట్టడం వాళ్ళకు ప్రమాణం. వైశేషికుల లెక్క ప్రకారం వస్త్రంలో ఒక్క దారం తీసేసినా పాత వస్త్రం నశించి కొత్తది పుట్టినట్టే. ఆ లెక్కను ఇంజన్‌కు వర్తింపజేస్తే, ఆయిల్ ఫిల్టరు మార్చిన ప్రతిసారీ పాత ఇంజన్ పోయి మరొకటి వచ్చిందని ఒప్పుకోవాలి. తర్కంలో దోషం లేదు. కానీ ఈ కొలతతో చూస్తే గొట్టం మార్చడం ప్రత్యేకమైన నేరం కాకుండా పోతుంది. ఒరిజినల్‌ను కాపాడాలనేవాళ్ళకు ఈ వాదం అండగా నిలవదు. వాళ్ళు కాపాడాలనుకున్నది మొదటి సర్వీసింగులోనే పోయి ఉంటుంది.

రెండో కొసన బౌద్ధ గ్రంథం మిళింద పన్హలోని భిక్షువు నాగసేనుడు ఉన్నాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా అని అడుగుతూ పోయి, భాగాల కలయికను ఆధారం చేసుకుని మనం వాడే పేరే రథమని మిళింద రాజు చేతనే ఒప్పించాడు. ఇది విని, ఇంజన్ అనేది లేనే లేదు, ఇక ఏ గొట్టం వేస్తే ఏమిటి అనుకునేవాళ్ళు ఉంటారు. నాగసేనుడి మాటలో అంత అర్థం లేదు. నాగార్జునకొండకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ ఆచార్యుడు దీనికి ఇంకా పదును పెట్టాడు. దేనికీ సొంతంగా నిలబడే స్వభావం లేదు, ఎందుకంటే ప్రతిదీ మరొకదాన్ని ఆశ్రయించి ఉంటుంది అన్నాడు. ఆశ్రయమే వస్తువు ఉనికి అయినప్పుడు, ఆశ్రయమిచ్చే గొట్టం ఎలాంటిదైనా ఫరవాలేదని ఎలా అంటాం? ఈ శూన్యవాదాన్ని సరిగ్గా చదివినవాడు గొట్టం విషయంలో మరింత జాగ్రత్తపడతాడు.

నా వాదన ఇది. వస్తువును అదే వస్తువుగా నిలిపేది దాని పదార్థం కాదు, దాని మీద వేసిన ముద్ర కూడా కాదు. తనతో ముడిపడిన మిగతా భాగాలకు అది చేసే పని, ఆ పనికి కావలసిన కొలత, ఈ రెండూ పాతదాని నుంచి కొత్తదానికి తెగకుండా అందడమే ఆ వస్తువును నిలుపుతుంది. దీనికి లోకవ్యవహారంలోనే సాక్ష్యం ఉంది. గ్రీసులో ఒక టాక్సీ డ్రైవరు 1976 మోడల్ మెర్సిడెస్ 240డి మీద 46 లక్షల కిలోమీటర్లు తిరిగి, 2004లో ఆ కారును కంపెనీ మ్యూజియానికి ఇచ్చాడు. మధ్యలో ఇంజన్లు ఎన్నోసార్లు మారాయి. అయినా అన్ని లక్షల కిలోమీటర్లూ ఆ ఒక్క కారే తిరిగిందని తయారు చేసిన కంపెనీయే ఒప్పుకుంది. థీసియస్ ఓడ పలకలు ఒక్కొక్కటే మారుస్తూ పోతే అది అదే ఓడా అని పూర్వం వాదించుకున్నదీ గ్రీకులే.

మన దగ్గర ఇంకా లోతైన సాక్ష్యం పూరీలో దొరుకుతుంది. అధిక ఆషాఢం వచ్చిన కొన్ని సంవత్సరాల్లో నవకళేబరం జరుగుతుంది. 1996లో జరిగింది, మళ్ళీ 2015లో జరిగింది. వేపమాను వెతికి తెచ్చి జగన్నాథుడి విగ్రహాన్ని కొత్తగా చెక్కుతారు, పాతదాన్ని కోయిలి వైకుంఠంలో సమాధి చేస్తారు. కొయ్య అంతా మారినా స్వామి మారాడని ఏ భక్తుడూ అనడు. దీనికో ఆక్షేపణ ఉంది, అది బలమైనదే. అక్కడ పాత విగ్రహంలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తదానిలోకి మారుస్తారు, గొట్టంలో అలా మార్చడానికి ఏముంది అని. ఉంది. ఆ రహస్యపు పవిత్రతను గొట్టానికి అంటగట్టడం నా ఉద్దేశం కాదు, కానీ పాత గొట్టం నుంచి కొత్తదానికి చేరవలసినది ఒకటుంది, అది కొలత. అందుకే పని తెలిసిన మెకానిక్ కొత్తది బిగించి పరీక్షించేదాకా తుప్పుపట్టిన పాతదాన్ని పారేయడు. బయటి వ్యాసం, గోడ మందం, ఏ వంపు ఎక్కడ మొదలై ఏ కోణంలో ముగుస్తుంది, బ్రాకెట్ రంధ్రం ఎంత దూరంలో ఉంది, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. సీమ్‌లెస్ ఉక్కు గొట్టంలో పొడి ఇసుక గట్టిగా కూరి వంచుతారు, లేకపోతే వంపు దగ్గర నొక్కుకుపోయి ప్రవాహం సన్నబడుతుంది. తర్వాత ఆ ఇసుకను రేణువు మిగలకుండా కడగాలి, మిగిలితే నీటి పంపు సీలును కోసేస్తుంది. కొసన చుట్టూ చిన్న ఉబ్బు తీయాలి, అది లేకపోతే ఒత్తిడికి హోస్ జారిపోతుంది. బ్రాకెట్ లేకుండా వదిలేస్తే అదురుకు వెల్డింగు దగ్గర పగులుతుంది. చివర రెండు మూతులూ బిగించి, గాలి పట్టించి, నీటిలో ముంచి చూడాలి. బుడగ రాకపోతే కొలత అందినట్టు.

ఇంత ఒప్పుకున్నా ఒరిజినల్ వాదులు ఒక మాట అడగగలరు. చరిత్ర సంగతేమిటని. ఇక్కడ వాళ్ళ పక్షాన న్యాయముంది. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మేలో కూలిపోయింది. అదే చోట కట్టిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం చేశారు. గోపురం చేయవలసిన పని కొత్తది చేస్తోంది, కింద నుంచి వెళ్ళే భక్తుడికి లోటేమీ లేదు. కానీ ఆ రాళ్ళను రాయల కాలపు శిల్పులు ముట్టుకున్నారని ఎవరూ చెప్పలేరు. పని చేతులు మారుతుంది, చరిత్ర మారదు. కాబట్టి కొత్త గొట్టం వేయించినవాడు దాన్ని కంపెనీ గొట్టంగా చెప్పి కారు అమ్మితే అది అసత్యం. ఫలానా సంవత్సరం, ఫలానా లోహంతో చేయించిందని కాగితం మీద రాసి బండి కాగితాలతో ఉంచితే సత్యానికి లోటు రాదు, వస్తువుకూ లోటు రాదు. అసలు గోడౌన్లో దొరికిన పాత స్టాకే శుద్ధమైనదన్న నమ్మకాన్ని నేను ఒప్పుకోలేను. ఉక్కు సరిగ్గా దాచితే నిలుస్తుందేమో గానీ రబ్బరు వాడకపోయినా గట్టిపడి చీలుతుంది. కవరు మీది ముద్ర చూసి దాన్ని ఇంజన్‌కు బిగించడం శ్రద్ధ అనిపించుకోదు.

వైరాగ్యం పేరుతో మరో ఆక్షేపణ వస్తుంది. చినిగిన బట్ట విడిచినట్టు ఆత్మ దేహాన్నే విడుస్తుందని గీత చెప్పగా, పాత ఇనుముకు ఇంత మమకారం ఎందుకని. గీతలోని ఆ మాట యుద్ధభూమిలో శోకించేవాడికి ఆత్మ గురించి చెప్పింది. బాగుచేయగలిగిన వస్తువును పారేయమన్న అనుమతి అందులో లేదు. పైగా బాగుచేయగలిగినదాన్ని పారేసి కొత్తది కొనడంలోనే కోరిక ఎక్కువ. అయితే పొగ విషయంలో నేను వెనక్కి తగ్గుతాను. పాత డీజిల్ ఇంజన్ పొగ ఊపిరితిత్తులకు చేటు, ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళ మీద ఆంక్షలు పెట్టింది అందుకే. వస్తువు విలువ అది చేసే పనిలో ఉందని ఇంతసేపూ వాదించినవాడు, ఆ పని చుట్టుపక్కలవాళ్ళకు హాని చేస్తున్నప్పుడు మాట మార్చకూడదు. కిక్కిరిసిన నగరంలో రోజంతా తిరగవలసిన బండికి గొట్టం చేయించమని నేను చెప్పను. ఏడాదికి కొద్ది దూరం తిరిగే బండి సంగతి వేరు. అక్కడ ఒక గొట్టం ఖర్చుతో కాపాడగలిగిన ఇంజన్‌ను కరిగించి, దాని స్థానంలో కొత్త బండి కోసం మళ్ళీ ఇనుము కరిగించడాన్ని పర్యావరణ ధర్మంగా ఒప్పుకోవడం కష్టం.

ఇక మిగిలింది తయారీదారు బాధ్యత. కంపెనీ ఒక భాగాన్ని ఎల్లకాలం చేస్తూ ఉండాలని అడగడం అన్యాయం. అచ్చులు అరుగుతాయి, కొనేవాళ్ళు తగ్గుతారు. కానీ కొలత తన దగ్గరే పెట్టుకుని తయారీ ఆపేయడం వేరు విషయం. చేయడం మానుకునే హక్కు ఉంది, ఇతరులు చేయకుండా కొలతను దాచే హక్కు లేదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అది దృష్టి పెట్టిన రంగాల్లో వాహనాలూ వ్యవసాయ యంత్రాలూ ఉన్నాయి. ఆ హక్కు చట్రంలోకి ఈ ఒక్క నియమం రావాలి: ఏ భాగం తయారీ ఆగితే, ఆ రోజే దాని డ్రాయింగు, లోహం వివరాలు, తట్టుకోవలసిన ఒత్తిడి ఎవరైనా చూసుకునేలా బయటపెట్టాలి. అప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో గొట్టం వంచేవాడు తుప్పు తిన్న ముక్క మీద మిగిలిన వ్యాసాన్ని ఊహించుకుంటూ కొలవాల్సిన పని ఉండదు.