బండి ఆగినప్పుడు మాట: శల్య సారథ్యమా, కృష్ణ సారథ్యమా?

ఓం నమః శివాయ.

వరసగా మూడు రోజులు సెలవులు కలిసొస్తే మనవాళ్ళు చేసే పని ఒకటే, కారు తీసి ఏదో ఒక క్షేత్రానికి బయల్దేరడం. యాదగిరిగుట్ట, శ్రీశైలం, భద్రాచలం, అన్నవరం, తిరుమల. దర్శనం టికెట్లు, గది, దారిలో టిఫిను ఎక్కడ, అన్నీ ముందే చూసుకుంటాం. కానీ దారిలో బండి ఆగిపోతే మన నోటి నుంచి ఎలాంటి మాట వస్తుందో మాత్రం ఎవరమూ చూసుకోం. ఈ వారం దాని గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే యాత్ర గుడి మెట్ల దగ్గర మొదలవదు. ఇంటి గేటు దాటిన దగ్గర్నుంచి కారులో మనం మాట్లాడుకునే ప్రతి మాటా యాత్రలో భాగమే.

శల్యుడి కథా ఒక ప్రయాణమే

'శల్య సారథ్యం' అనే మాట మనందరికీ తెలుసు. పక్కనే ఉంటూ, చెప్పిన పని చేస్తూనే, మాటలతో మనిషిని నీరుగార్చేవాళ్ళ గురించి అంటాం. ఆ మాట వెనకున్న కథ కూడా దారి మీదే మొదలైంది.

శల్యుడు మద్ర దేశపు రాజు, మాద్రికి అన్న, అంటే నకుల సహదేవులకు సొంత మేనమామ. యుద్ధం వస్తోందని తెలిసి సైన్యంతో పాండవుల వైపు బయల్దేరాడు. ఆ దారి పొడవునా ఎవరో విడిది మందిరాలు కట్టించి, భోజనాలు, సకల మర్యాదలు ఏర్పాటు చేశారు. ధర్మరాజే చేయించాడనుకుని శల్యుడు మురిసిపోయాడు. తీరా చూస్తే అదంతా దుర్యోధనుడి ఏర్పాటు. అప్పటికే వరం ఇస్తానని మాట ఇచ్చేశాడు కాబట్టి కౌరవుల వైపు నిలబడక తప్పలేదు. తర్వాత ధర్మరాజును కలిస్తే, ఆయన ఒక్కటి అడిగాడు. "రేపు మీరు కర్ణుడి రథం తోలవలసి వస్తుంది. అప్పుడు మీ మాటలతో అతని తేజస్సు తగ్గించండి" అని. శల్యుడు సరేనన్నాడు.

అనుకున్నట్టే పదిహేడో రోజున కర్ణుడికి సారథి అయ్యాడు. అదీ ఒక షరతు మీద. నోటికి ఏది వస్తే అది మాట్లాడతాను, కర్ణుడు పట్టించుకోకూడదన్నాడు. గుర్రాలు తోలే విద్యలో శల్యుడు కృష్ణుడికి సాటి. అందుకే దుర్యోధనుడు ఏరికోరి ఆయన్ని బతిమాలాడు. అంటే ఆ రథానికి నైపుణ్యంలో లోటు లేదు. లోటల్లా నోటి దగ్గరే. ఎంగిలి మెతుకులు తిని బలిసిన కాకి ఒకటి హంసలతో పోటీపడి సముద్రం మీద ఎగరబోయి, అలసిపోయి నీళ్ళలో పడ్డ కథ చెప్పి, ఆ కాకివి నువ్వే అన్నాడు. శత్రువు ఎదురుగా ఉండగా, పక్కన కూర్చున్న మనిషి నుంచి కర్ణుడు వినవలసి వచ్చిన మాటలవి.

తర్వాత రథచక్రం భూమిలో కుంగింది. కర్ణుడే దిగి ఎత్తుకోవలసి వచ్చింది. కర్ణుడి చావుకు కారణాలు అనేకం అంటారు. శాపాలున్నాయి, సభలో అతను చేసిన అధర్మం ఉంది. శల్యుడి మాటలే చంపాయని నేను అనను. కానీ చక్రం కుంగడానికి చాలా ముందే, ఆ రథంలో ఇంకేదో కుంగిపోయి ఉంటుందని మాత్రం నాకు అనిపిస్తుంది.

నల్లమలలో ఆగిన కారు

ఈ కథ నాకు పుస్తకంలో కంటే రోడ్డు మీద బాగా అర్థమైంది. ఒకసారి ఆగస్టు 15కి శని, ఆదివారాలు కలిసొచ్చాయి. మా నాయనమ్మకు శ్రీశైలం మొక్కు ఒకటి మిగిలిపోయింది. కొడుకులిద్దరూ కలిసి తీసుకెళ్తేనే వస్తానని పట్టుబట్టింది. అలా ఎందుకందంటే, ఊళ్ళో పొలం పంపకం దగ్గర నాన్నకూ బాబాయికీ మాటా మాటా వచ్చి, అప్పటికి రెండేళ్ళుగా సరిగ్గా మాటల్లేవు. పండగలకు కూడా ఒకరు వచ్చి వెళ్ళాక ఇంకొకరు వచ్చేవారు. ఆమె కోసం ఇద్దరూ ఒప్పుకున్నారు. కారు బాబాయిది, తోలేదీ ఆయనే.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రెండు వందల కిలోమీటర్లు దాటి ఉంటుంది. కడ్తాల్ దాటాక టైరు పంచరైంది. స్టెప్నీ తీస్తే అందులో గాలి సగమే ఉంది. మెల్లగా ఆమనగల్ దాకా వెళ్ళి పంచరు వేయించుకునేసరికి రెండు గంటలు పోయాయి. భోజనం ఆలస్యం, రోడ్డు నిండా సెలవుల రద్దీ. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి వెళ్ళేసరికి సాయంత్రమైంది. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మన్ననూరు, దోమలపెంట దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. లోపల చాలా చోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. వటవర్లపల్లి దాటాక ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత తాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. బాబాయి బండి పక్కకు తీసి ఆపాడు.

అప్పుడు మొదలయ్యాయి మాటలు. "సర్వీసు చేయించావా అని పొద్దున్నే అడిగానా లేదా?" అన్నాడు నాన్న. బాబాయి పలకలేదు. "స్టెప్నీలో గాలి లేదు, ఇందులో నీళ్ళు లేవు. నీకు ప్రతి దాంట్లోనూ మిగుల్చుకోవడమే కావాలి" అన్నాడు. 'ప్రతి దాంట్లోనూ' అన్న మాట కారు గురించి కాదని ఏడుగురికీ తెలుసు. బాబాయి చెయ్యి స్టీరింగ్ మీదే ఉంది, వేళ్ళు వణుకుతున్నాయి. ఇంకొక్క మాట పడితే ఆ ఇద్దరూ జన్మలో కలవరనిపించింది.

వెనక సీట్లోంచి నాయనమ్మ అంది: "చిన్నాడా, పొద్దున్నుంచి తోలుతున్నావు. నీళ్ళు తాగావా నాయనా?"

అంతే. ఆమె ఎవరినీ మందలించలేదు, నాన్ననైనా, బాబాయినైనా. కానీ ఆలోచిస్తే నిజమే. పంచరు దగ్గర్నుంచి ఆయన మంచినీళ్ళు ముట్టలేదు. కారుకేమైందని ఏడుగురం చూస్తున్నాం, కారు తోలేవాడికేమైందని ఆమె ఒక్కతే చూసింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నాన్నే సీసా మూత తీసి, సీట్ల మధ్య నుంచి ముందుకు చాపాడు.

యుద్ధం మధ్యలో గుర్రాలకు నీళ్ళు

ద్రోణ పర్వంలో ఒక ఘట్టం ఉంది. ఎందుకో మనం దాన్ని ఎక్కువగా చెప్పుకోం. అభిమన్యుడు పోయిన రోజు, మర్నాడు సూర్యుడు అస్తమించే లోపు సైంధవుణ్ణి చంపుతానని, లేకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడు శపథం చేశాడు. పొద్దు వాలిపోతోంది. సైంధవుడు ఇంకా దూరంగానే ఉన్నాడు. అలాంటప్పుడు రథం గుర్రాలు అలసిపోయాయి, ఒళ్ళంతా బాణాలు దిగి ఉన్నాయి.

ఒక్క నిమిషం కూడా లేని చోట ఏం చేశారో చూడండి. రథం ఆపేశారు. "నేను వీళ్ళను ఆపుతాను, నువ్వు గుర్రాలను విప్పు" అన్నాడు అర్జునుడు. గుర్రాలకు తాగడానికి ఇక్కడ నీళ్ళు లేవే అన్నాడు కృష్ణుడు. అర్జునుడు బాణంతో నేలను కొట్టి నీళ్ళు తెప్పించాడు, బాణాలతోనే చుట్టూ ఇల్లులా కట్టాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, ఒంట్లో దిగిన బాణాలు తీసి, ఒళ్ళు రుద్ది, కడిగి, నీళ్ళు తాగించాడు. మేపు మేశాక మళ్ళీ కట్టాడు. జగన్నాథుడు అని మనం మొక్కే స్వామి ఆ పూట గుర్రాల ఒళ్ళు తోమాడు. "నీ శపథం వల్లే కదా ఇదంతా" అని అర్జునుణ్ణి ఒక్క మాట అనలేదు.

రెండు రథాలూ యుద్ధంలో ఆగినవే. రెండు చోట్లా సారథులు సమర్థులే. బండి ఆగినప్పుడు పక్కనున్నవాడి నోట్లో ఏముంది, చేతిలో ఏముంది అన్నదే తేడా.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. తప్పును తప్పని చెప్పకూడదా? చెప్పాలి. కృష్ణుడు కూడా గీత మొదట్లో అర్జునుడితో మెత్తగా మాట్లాడలేదు. ఈ పిరికితనం నీకు తగదు, లేవమని గట్టిగానే అన్నాడు. కానీ ఆ మాట విన్నవాడు చివరికి లేచి నిలబడ్డాడు. శల్యుడి మాట విన్నవాడు కుంగాడు. గీత పదిహేడో అధ్యాయంలో స్వామి వాక్కుతో చేసే తపస్సు గురించి చెబుతూ మాటకు నాలుగు లక్షణాలు పెట్టాడు. ఎదుటివాణ్ణి కలవరపెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, మేలు చేయాలి. సర్వీసు చేయించలేదన్నది నిజమే కావచ్చు. కానీ అడవి మధ్యలో, ఆవిరి కక్కే బండి ముందు, ఆ మాట నాలుగింట్లో ఒక్కదానికే నిలబడుతుంది. రేపు ఇంటికి చేరాక, ఇద్దరే కూర్చుని, "ఈసారి బయల్దేరే ముందు ఒకసారి చూపిద్దాం రా" అంటే అదే నిజం నాలుగింటికీ నిలబడుతుంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే మా దగ్గర పద్ధతి ఒకటుంది. ముందు దాన్ని లేపాలి. ఎందుకు పడిందో మర్నాడు కూర్చుని వెతకాలి. వెతికేటప్పుడు కూడా 'ఎవరు' అని కాదు, 'ఎందుకు' అని అడగాలి. యంత్రాల దగ్గర ఇంత ఓర్పు నేర్చుకున్న మనం, సొంత తమ్ముడి దగ్గర, భర్త దగ్గర, తండ్రి దగ్గర ఎందుకు చూపించలేం?

తర్వాత ఏం జరిగిందంటే

కాసేపటికి శ్రీశైలం వెళ్ళే ఆర్టీసీ బస్సు ఒకటి మమ్మల్ని చూసి ఆగింది. అప్పటికే బాబాయి గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతున్నాడు. డ్రైవర్ కిటికీలోంచే అరిచాడు: "సార్, మూత ముట్టకుండ్రి! ఆవిరి మొఖం మీద కొడ్తది." దిగి వచ్చి, టార్చి వేసి చూసి, రబ్బరు గొట్టం దగ్గర క్లిప్పు వదులైందని చెప్పాడు. తన స్క్రూడ్రైవర్‌తో బిగించి, ఒక డబ్బా నీళ్ళిచ్చి, "అరగంట ఆగుండ్రి. చల్లగయినంక పోసుకోండ్రి. ఏసీ బంద్ చేసి హీటర్ పెట్టుకుని మెల్లగ పోండ్రి" అని వెళ్ళిపోయాడు. హీటర్ వేస్తే ఇంజిన్ వేడి కొంత కారు లోపలికి వచ్చి, ఇంజిన్‌కు ఊరట దొరుకుతుంది. మాకు మాత్రం చెమటలే.

బయల్దేరేటప్పుడు నాన్న వెనక సీటు వదిలి ముందుకొచ్చి కూర్చున్నాడు. దారంతా ఆ ముల్లు మీదే చూపు. పాతాళగంగ దగ్గర లోయ మలుపుల్లో కూడా పావుగంటకోసారి ఆయన గొంతు వినబడుతూనే ఉంది. "మధ్యలోనే ఉందిరా, పద." "ఏం ఫర్లేదు, పద." రెండేళ్ళలో నాన్న బాబాయితో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. పొలం సంగతి ఇంకా తేలలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఇప్పుడు ఫోన్లు చేసుకుంటున్నారు.

బయల్దేరే ముందు

కొత్త బండికి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. దసరాకు పసుపు కుంకుమలు పెడతాం. మంచిదే. వాటితో పాటు స్టెప్నీలో గాలి, కూలెంట్, బ్రేకులు, వైపర్లు చూసుకోవడం కూడా పూజే. గుర్రాల ఒళ్ళు తోమిన స్వామికి ఆ పూజ తప్పకుండా చేరుతుంది. వేడి మీదున్న రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకండి.

ఇంకొక చిన్న సంకల్పం. శ్రీశైలం దగ్గర సాక్షి గణపతి గుడి మీలో చాలామంది చూసే ఉంటారు. ఫలానా భక్తుడు వచ్చాడని ఆ స్వామి పుస్తకంలో రాసుకుంటాడని, మల్లన్నకు సాక్ష్యం చెబుతాడని మన నమ్మకం. ఆయన మన పేరు మాత్రమే రాసుకుని, దారిలో మన మాటలు రాసుకోడని ఎవరు చెప్పగలరు? కాబట్టి ఈసారి కారెక్కేటప్పుడు అందరూ కలిసి ఒకటి అనుకోండి. బండి ఆగితే మొదటి మాట 'ఎవరి వల్ల' అని రాకూడదు. తోలేవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చాకే రెండో మాట.

మీ ప్రయాణాలు క్షేమంగా సాగాలని, శ్రీ భ్రమరాంబా మల్లికార్జునుల దయ మీ ఇంటిల్లిపాది మీద ఉండాలని కోరుకుంటూ, వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.

ఓం నమః శివాయ.