విశ్వాసమును నీతియు



న్యాయస్థానమున నిలిచిన ముద్దాయికి నిర్దోషి యని తీర్పు వెలువడవలె నను కోరిక తప్పక యుండును. నిజముగా దోషము తొలగి మంచివాడను గావలె నను కోరిక కొందఱికే కలుగును. క్రైస్తవమతమున విశ్వాసముచే నీతిమంతుడగుటను గూర్చి జరిగిన దీర్ఘవాదమంతయు నీ రెంటి సంబంధమును గూర్చినదియే. తెలుగు బైబిలునందు వాడబడిన “తీర్చు” అను క్రియకు తీర్పు చెప్పుట, తీర్చిదిద్దుట అను రెండర్థములును గలవు గదా!

పౌలు వాడిన గ్రీకుమాట న్యాయస్థానమునకు జెందినది. ధర్మశాస్త్రవిధులచే దేవునియెదుట నీతిమంతుడు కాగలవాడెవడును లేడనియు, కృపను విశ్వాసముతో గైకొనువానిని దేవుడు నీతిమంతునిగా నెంచుననియు నతడు రోమీయులకు వ్రాసెను. అబ్రాహాము సున్నతికి బూర్వమే విశ్వాసమువలన నీతిమంతుడుగా నెంచబడె నని నిదర్శనము జూపెను. యాకోబు తన లేఖలో క్రియలులేని విశ్వాసము నిర్జీవమని చెప్పి, కుమారుని బలిపీఠముపై నుంచిన యా యబ్రాహామునే చూపెను. ఉభయులును పిలిచిన సాక్షి యొక్కడే!

1522వ సంవత్సరమున లూథరు క్రొత్త నిబంధనను జర్మనుభాషలోనికి దెచ్చుచు, రోమీయుల లేఖలో విశ్వాసమునకు “మాత్రమే” యను మాటను జేర్చెను. 1547లో ట్రెంటు మహాసభ విశ్వాసము మూలమే యైనను, నీతి యనగా అంతరంగము నూతనమగుటయు నని నిర్ణయించెను. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గు నగరమున లూథరను ప్రపంచ సమాఖ్యయు కతోలికసభయు సంయుక్తప్రకటనపై సంతకములు చేసెను. భేదములన్నియు తీరకున్నను, మనుష్యుడు స్వపుణ్యముచే గాక కృపచేతనే యంగీకరింపబడుననియు, ఆ కృపయే వానిని సత్క్రియలకు బురికొల్పుననియు నుభయులు నొప్పుకొనిరి.

ఈ సత్యమును యేసు చిన్నకథలో జెప్పియుండెను. ఒక దాసుడు రాజునకు పదివేల తలాంతులు ఋణపడెను. తలాంతు రమారమి ఆఱువేల దేనారములు. దేనారము కూలివాని దినవేతనము. అనగా నది ఆఱుకోట్ల దినముల కూలి! ఎన్ని జన్మములెత్తినను దీఱునా? రాజు జాలిపడి క్షమించెను. ఆ దాసుడు వెలుపలికి వచ్చి, తనకు నూఱు దేనారములు బాకీయున్న తోడిదాసుని గొంతు పట్టుకొని చెఱసాలలో వేయించెను. అది విని రాజు వానిని బాధకుల కప్పగించెను. ఋణము మాన్పబడెను గాని హృదయము మాఱలేదు. వాడు తీర్పును గైకొనెను, తీర్చిదిద్దబడుటకు సమ్మతింపలేదు.

కావున విశ్వాస మనగా “నమ్మితిని” అని నాలుకతో బలుకుట గాదు. తీర్పరి దయయే నాకు దిక్కని యెఱిగి, ఆ దయ తనలో బ్రవేశించి పనిచేయుటకు దారి యిచ్చుట. చెట్టు ఫలములచే బ్రదుకదు, బ్రదికియున్నందున ఫలించును. కృపచే క్షమింపబడితి నని నమ్మువాడు పుణ్యములెక్క వ్రాసికొనడు, ఇతరుల దోషములెక్కయు వ్రాసికొనడు.

సోదరులారా! మీకు నూఱు దేనారములు బాకీయున్న వారెవరు? మాటజాఱిన తమ్ముడా, పొలముగట్టుకై వ్యాజ్యమాడు జ్ఞాతియా, తప్పుచేసి తలవంచి నిలిచిన పనివాడా? నేటి ప్రార్థనకు బూర్వమే వాని గొంతుపైనుండి మీ చేయి తీయుడు. కృపాసముద్రుడైన పరమేశ్వరుడు మనలను క్షమించుటయే గాక, క్షమింపగలవారినిగా దీర్చుగాక!