అభయారణ్యము

అరణ్యమనగానే మన పూర్వులకు రెండు భావములు కలిగెడివి. ఒకటి భయము, రెండవది తపస్సు. క్రూరమృగములకును, దారి తప్పుటకును వెఱచి గ్రామవాసులు అడవికి దూరముగా నుండెడివారు. ఆ అడవియందే ఋషులు ఆశ్రమములు నిర్మించుకొనిరి. ఆరణ్యకములు అచ్చటనే పుట్టినవి. గృహస్థు తన ధర్మమును నెరవేర్చి, తల నెరసిన పిదప, భార్యతో గూడ వనమునకు వెడలుటయే వానప్రస్థమని శాస్త్రము విధించినది. నేడు అట్లు వెడలువారు అరుదు. అయినను తల నెరసిన దంపతులు అడవులను చూచుటకు పోవుచునే యున్నారు. ఆ ప్రయాణమువలన వారు పొందదగినదేమి? ఒక తెలుగు దంపతుల యనుభవమును ఆధారముగా గొని ఈ ప్రశ్నను విచారింతము.

వారి నివాసము జంషెడ్‌పూరు. సువర్ణరేఖా ఖర్కాయి నదుల సంగమమునకు చేరువను, సాక్చి యను పల్లెయొద్ద ఉక్కు కర్మాగారము వెలసినది. 1907లో స్థాపింపబడిన సంస్థ 1912లో ఉక్కును పోసినది. 1919లో ఆ ఊరికి జంషెట్జీ టాటా పేరిట నేటి నామము కలిగినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఎందఱో తెలుగువారు పనికై అచ్చటికి వలసపోయి స్థిరపడిరి. మన దంపతులలో భర్త అట్టి కుటుంబమువాడే. ముప్పదియైదేండ్లు కొలిమివేడిలో పనిచేసెను. నగరమునకు ఉత్తరమున దల్మా కొండలు కలవు. పనికి పోవునపుడును, వచ్చునపుడును ఆతడు వానిని చూచెడివాడు. కాని ఒక్కనాడైనను ఎక్కి యెఱుగడు.

పదవీవిరమణానంతరము ఆతడొక పాత వ్యానును కొని, అందు ఇద్దఱు పరుండుటకు బల్లయు, చిన్న పొయ్యియు, నీళ్ల తొట్టియు అమర్చెను. పిల్లలు దూరదేశములలో నున్నారు. ఇల్లాలికి మోకాళ్లనొప్పులు, సత్రములలో మెట్లెక్కలేదు. కావున ఇల్లే వెంటవచ్చునట్లు ఏర్పాటయినది. ఒక్కొక్క అడవికి పోవుట, ద్వారమువెలుపల అనుమతించిన చోట బండి నిలుపుట, ఒక రాత్రి గడపి మరునాడు మరలుట, ఇదియే వారి పద్ధతి. ఆతడొక చిన్న పుస్తకమున చూచిన మృగముల పేర్లు వ్రాసికొనుచుండెను. పెద్ద కెమెరా యొకటి మెడలో వ్రేలాడుచుండెను.

మొదట బేత్లాకు పోయిరి. 1973లో మన దేశమున వ్యాఘ్రసంరక్షణకై ఏర్పడిన మొదటి తొమ్మిది అరణ్యములలో పలామూ ఒకటి. అందలి బేత్లా 1986లో జాతీయోద్యానమైనది. చెరో రాజుల దుర్గములు ఆ అడవిలో శిథిలములై యున్నవి. అద్దె జీపులో, దారి చూపువాని వెంట తిరుగగా జింకలు కనబడినవి, కొండముచ్చులు కనబడినవి. పులి మాత్రము కనబడలేదు. ప్రొద్దు క్రుంకుచుండెను. అప్పుడాతడు దారి చూపువాని చేతిలో అయిదువందల రూపాయలుంచి, బాట విడిచి లోపలికి పోనిమ్మని కోరెను. ఆ యువకుడు డబ్బును తిరిగి యిచ్చివేసి, "లోపల పిల్లలతో నున్న జంతువులుండును బాబూ, మనము పోరాదు" అని మాత్రము చెప్పెను.

ఆ రాత్రి బండిలో అన్నము వడ్డించుచు ఇల్లాలు మెల్లగా ఇట్లనెను: "ఏమండీ, మన రామమందిరములో పురాణము చెప్పునపుడు విన్న కత్తి కథ జ్ఞాపకమున్నదా?"

ఆమె స్మరించినది అరణ్యకాండమునందలి సీతాదేవి హితవు. దండకలోని మునులకు రాక్షసులనుండి రక్షణ నిత్తునని రాముడు మాట యిచ్చెను. సుతీక్ష్ణుని ఆశ్రమము వీడునపుడు సీత భర్తతో స్నేహపూర్వకముగా పలికినది. అసత్యమును పరదారాభిలాషయు మీయందు లేవు, కాని వైరము లేకయే హింసించుట యను మూడవ దోషము ఆయుధధారియై అడవిలో తిరుగువానికి సంభవింపవచ్చునని ఆమె భయపడెను. అందులకు ఒక కథ చెప్పెను. సత్యవంతుడైన యొక తపస్వియొద్ద ఇంద్రుడు యోధుని రూపమున వచ్చి ఖడ్గమును దాచుమని యుంచిపోయెను. దానిని పోగొట్టుకొందునేమో యను భయముతో ముని కందమూలములకు పోవునపుడును దానిని వెంట గొనిపోవుచుండెను. నిత్యము మోయగా మోయగా ఆతని బుద్ధి క్రమముగా క్రూరమైనది, తపస్సు నశించినది. రాముడు ఈ మాటలకు కోపింపలేదు. ఆమె స్నేహమునకు సంతసించెను. ఆర్తులకిచ్చిన మాట తప్పరాదు గావున ధనుస్సును విడువలేదు. ఆయుధము రక్షణకొఱకే యని ఆ సంవాదమువలన మనకు తెలియుచున్నది.

సోదరులారా, ఆ ముని కత్తి ఎవరిని నఱకినదని కథలో ముఖ్యము కాదు. దానిని మోయుటవలన ఆతడేమయ్యెనో అదియే ముఖ్యము. మనము అడవికి కత్తి గొనిపోము. కాని "నాకు కనబడవలెను, నేను పొందవలెను" అను కాంక్షను గొనిపోవుదుము. దానిని మోసినకొలది చేయి డబ్బు తీయును, కాలు బాట తప్పును, పిల్లతల్లి బెదరినను మనకు పట్టదు. ఆ భర్త దుర్మార్గుడు కాడు. జీవితమంతయు కష్టపడి, మిగిలిన కొలది కాలములో కొంత చూడవలెనని తహతహపడినవాడు. ఆ తహతహయే తెలియకుండ ఆతని చేతి ఖడ్గమైనది. భార్య మాట విని ఆతడు చాలసేపు మౌనముగా నుండెను. మరునాడు బయలుదేరుటకు ముందు ఆ యువకుని వెదకి క్షమాపణ చెప్పెను.

తరువాతి యాత్ర ఒడిశాలోని సిమ్లీపాలుకు. బూరుగుచెట్ల పేరు దాల్చిన ఆ అరణ్యమును 1973 నాటి తొమ్మిదింటిలోనిదే. 2025లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. ఈసారి కెమెరా ఇంటనే యుండెను. జోరందా జలపాతమునకు ఎదుట ఇద్దఱును మాటలాడక కూర్చుండిరి. "ఒక్కనాటికే వచ్చి పోవుచున్నాము, ఏమి దక్కును?" అని మరలునపుడు ఆతడడిగెను. అందులకు ధర్మశాస్త్రమే సమాధానము చెప్పుచున్నది: ఒక రాత్రి మాత్రము నిలుచువాడే అతిథి. పెట్టినది భుజించి, ఇంటివారిని నొప్పింపక, వేళకు లేచి పోవుట అతిథి ధర్మము. అడవికే గాదు, ఈ లోకమునకును మనమట్టి అతిథులమే గదా! నిలిచిన కాలము స్వల్పమని చింతింప బనిలేదు. నిలిచినంతసేపు ఎట్లుంటిమని విచారించుకొనవలెను.

మన భాషలో ఇట్టి వనములకు అభయారణ్యమని చక్కని పేరు కలదు. భగవద్గీతయందు దైవీసంపదను ఎంచునపుడు అభయమే మొదట చెప్పబడినది. సన్న్యాసము స్వీకరించువాడు సమస్త భూతములకును తనవలన అభయమని ప్రతిజ్ఞ చేయును. గృహస్థు అంతటి వ్రతము పూనలేడు. కాని అభయారణ్యమున అడుగిడిన ఆ కొలది గంటలైనను దానిని పాటింపవచ్చును. ప్రభుత్వము గీసిన సరిహద్దు భూమికి మాత్రమే. హృదయమున ఆ హద్దును మనమే గీసికొనవలెను.

కడపట వారు దల్మాకు పోయిరి. 1976లో అభయారణ్యమైన ఆ కొండ ఏనుగులకు నెలవు. వేసవి సాయంకాలమున, నీటిమడుగునకు పోవు బాటలో అటవీశాఖ కూలి యొకడు వారిని ఆపెను. గున్నతో నున్న ఏనుగుల మంద దప్పిగొని దిగుచున్నదనియు, బాటపై మనుష్యులుండుటచే పొదల వెనుక నిలిచిపోయినదనియు, దయతో మరలుడనియు వేడెను. ముప్పదియైదేండ్లుగా చూడగోరినది నూరడుగుల దూరమున నున్నది. భర్త భార్య మొగము చూచెను. ఆమె ఏమియు ననలేదు. ఆతడు ఆమె చేయి పట్టుకొని, ఆమె మోకాళ్లకు తగినట్లు మెల్లగా, వచ్చిన బాటనే వెనుకకు నడచెను.

ఆ రాత్రి ద్వారముకడ, దీపమార్పిన బండిలో పరుండి, దూరమున కొమ్మలు విఱుగు చప్పుడు విన్నారట. పుస్తకమున ఆనాటి పుటలో ఏ మృగము పేరును లేదు. "నీళ్లు త్రాగినవి" అని మాత్రము వ్రాసియున్నది. ఆ పుటను ఆతడు నాకు చూపినపుడు నేను చేతులు జోడించితిని. మనము పోవు ప్రతిచోటును, మన యిల్లుతో సహా, మనవలన అట్టి అభయము కలుగునట్లు భగవంతుడు మనలను అనుగ్రహించుగాక!