దత్తతలో నిరీక్షణ - దాని ధర్మము

బిడ్డ కొరకు ఎదురుచూచుట గృహస్థులకు క్రొత్త కాదు. గర్భమున పెరుగు శిశువు కొరకైన నిరీక్షణకు మాసముల లెక్క యున్నది. సముద్రములకావల ఒక ఆశ్రమములో పెరుగుచున్న శిశువును దత్తు తీసికొన నిశ్చయించిన దంపతుల నిరీక్షణకు అట్టి లెక్క లేదు. ఆ నిరీక్షణ ఎవరి మేలు కొరకు? దానిని ఎంతవరకు సహింపవలెను? ఈ రెండు ప్రశ్నలును విచారింపదగినవి.

అమెరికాలో ఒక కుటుంబము పరదేశ శిశువును పెంచుకొనదలచినచో, మొదట సంఘసేవకులు ఇంటికి వచ్చి వారి ఆదాయమును, ఆరోగ్యమును, దాంపత్యమును, పూర్వచరిత్రను విచారించి నివేదిక వ్రాయుదురు. వ్రేలిముద్రలు ఈయవలెను, ప్రభుత్వానుమతి పొందవలెను. ఆ యనుమతికి గడువు గలదు. అది తీరినచో మరల దరఖాస్తు చేయవలెను. పిమ్మట ఒకనాడు శిశువు ఛాయాచిత్రము చేరును. అంతవరకు ఏదో యొక బిడ్డ కొరకు వేచినవారు నాటినుండి ఆ బిడ్డ కొరకే వేచియుందురు. పేరు తలచుకొందురు, గది సిద్ధము చేయుదురు. కొని యుంచిన దుస్తులు బిడ్డ రాకమునుపే పొట్టివగును.

ఇట్టి నిరీక్షణ విఫలమగుటయు గలదు. చైనా దేశము నుండి అమెరికా కుటుంబములకు 80,000 మందికి మించి పిల్లలు చేరియుండిరి. 2020లో మహమ్మారి కారణమున ఆ ప్రయాణములు నిలిచిపోయెను. అప్పటికే ఏ బిడ్డ ఏ యింటికని నిర్ణయమై, రాక కొరకు వేచియున్న కుటుంబములు వందల సంఖ్యలో నుండెను. వారు నాలుగేండ్లు ఎదురుచూచిరి. 2024 సెప్టెంబరులో, సమీప బంధువుల పిల్లలను, జీవితభాగస్వామి పిల్లలను తప్ప ఇతరులను పరదేశీయులకు దత్తు ఈయబోమని చైనా ప్రభుత్వము ప్రకటించెను.

ఆ దంపతుల దుఃఖము నిజమైనది. అయినను ఛాయాచిత్రము చూచినంత మాత్రమున బిడ్డపై హక్కు కలుగదు, కలుగునది బాధ్యత. వారికంటె ముందుగా మనము తలపవలసినది ఆ పిల్లలను. "నీకు తల్లిదండ్రులు వచ్చుచున్నారు" అని విని నాలుగేండ్లు గడిపిన పసివానికి నష్టమైన బాల్యమును ఏ ప్రకటన తిరిగి ఈయగలదు?

అట్లయిన విచారణలన్నియు తొలగించి బిడ్డను వెంటనే ఒడిలో పెట్టుట మేలు కదా యని కొందరందురు. దీనికి మన తెలుగు నేలపైననే సమాధానమున్నది. పేద లంబాడీ తల్లుల నుండి ఆడశిశువులను స్వల్ప మూల్యమునకు కొని పరదేశ దత్తతలకు తరలించిన వ్యవహారములు 1999లోను, 2001లోను హైదరాబాదులో వెల్లడియైనవి. కోరువారి తొందరయు ధనమును కలిసినచోట దళారి పుట్టును. ఆ తొందర మూల్యమును చెల్లించినది తండాలోని తల్లి.

అంతకు ముందే, 1984లో, లక్ష్మీకాంత్ పాండే అను న్యాయవాది వ్రాసిన లేఖపై విచారణ జరిపిన సుప్రీంకోర్టు పరదేశ దత్తతలకు నియమములు ఏర్పరచి, బిడ్డకు మొదట స్వదేశముననే ఇల్లు వెదకవలెనని చెప్పెను. 1993 నాటి హేగ్ ఒడంబడికయు ఆ మార్గమునే అనుసరించెను. 2003లో భారతదేశము దానిని ఆమోదించెను. 2015 నాటి బాలల న్యాయచట్టము బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచన కొరకు రెండు నెలల గడువునిచ్చినది. దూరదేశమున వేచియున్న స్త్రీకి ఆ రెండు నెలలు యుగములుగా తోచవచ్చును. కన్నతల్లికి మాత్రము తన బిడ్డను మరల ఎత్తుకొనుటకు మిగిలిన అవకాశము అదియే.

కావున నిరీక్షణలో రెండు విధములున్నవి. తల్లి సమ్మతిని, బిడ్డ పుట్టుకను, పెంచువారి యోగ్యతను పరీక్షించుటకు పట్టు కాలము మొదటిది; దానిని ఓర్పుతో భరించుట ధర్మము. కాగితములు బల్లపై ధూళి పట్టియుండగా గడచిపోవు కాలము రెండవది. దానిని ఓర్పను పేరుతో సహించుట బిడ్డకు చేయు అపకారము.

మన సమాజమునకును ఈ విచారము దూరమైనది కాదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము వీరశైవులను, లింగాయతులను పేర్కొని తన పరిధిలో చేర్చినది. ఆడబిడ్డను దత్తు తీసికొనుటకును వీలు కల్పించినది. అంతకు పూర్వము ఇంటికి వారసుడు కావలెనను తలంపే దత్తతకు మూలముగా నుండెను. బిడ్డకు ఇల్లు కావలెనను తలంపు కలిగినవారు నిరీక్షణలో తమ దినములతోపాటు బిడ్డ దినములను కూడ లెక్కించుకొందురు.

మన యిండ్లలో గాని, పరదేశములనున్న మన బంధువులలో గాని ఇట్లు వేచియున్నవారు, ప్రతి యాలస్యమునకును "ఇది బిడ్డ కొరకు జరుగుచున్న విచారణయేనా?" అని అధికారులను అడుగవలెను. ఔనని కారణము చూపినచో వేచియుండవలెను. కారణము చూపనిచో మరల మరల అడుగవలెను. త్వరగా ముగింపించెదనని ధనమడుగు మధ్యవర్తికి మాత్రము ఒక్క రూపాయియు ఈయరాదు.