మా మీది పుకారు, మాలోని పుకారు

2020 మార్చిలో కరీంనగర్‌ వచ్చిన ఇండోనేషియా మతప్రచారకుల్లో కరోనా బయటపడింది. రోగం నిజం. కావాలనే తెచ్చి అంటించారన్నది అబద్ధం. ఆ అబద్ధానికి 'కరోనా జిహాద్' అని పేరు పెట్టారు. దేశమంతటా టోపీ, గడ్డం, బుర్ఖా అనుమానాలయ్యాయి. తోపుడుబండి మీద పండ్లమ్ముకునేవాడూ ముద్దాయే. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి మర్కజ్‌కు వచ్చిన విదేశీయుల మీది కేసులు కొట్టేస్తూ వాళ్ళను బలిపశువుల్ని చేశారంది. తీర్పొచ్చింది. పోయిన పరువు ఎవరు తెచ్చిస్తారు?

పుకారు ఎంత లోతుగా కోస్తుందో మాకు తెలుసు. మరి మా గల్లీల్లో తిరిగే పుకారు సంగతేమిటి? పోలియో చుక్కలేస్తే పిల్లలు పుట్టరట. కరోనా టీకాలో పంది కొవ్వుందట. 'వాళ్ళ జనాభా పెరిగిపోతోంది' అని ఎవరైనా అంటే మండిపడతాం. 'మన జనాభా తగ్గిస్తున్నారు' అంటే తలూపుతాం. రెండూ ఒకే అబద్ధానికి రెండు మొఖాలు.

అనుమానానికి కారణాల్లేవని కాదు. ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్లు జరిగాయి. 2009లో ఖమ్మం జిల్లా ఆదివాసీ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు ఎందరికో తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. బిన్ లాడెన్ జాడ కోసం సీఐఏ అబ్బోటాబాద్‌లో దొంగ టీకా శిబిరం నడిపిన సంగతి 2011లో బయటపడింది. అందుకే అడగాలి. ఏం టీకా? ఎందుకు? మా అనుమతేది? కానీ అడిగినవాడు జవాబు కూడా వినాలి.

జవాబు కళ్ళముందే ఉంది. ఒకే సీసాలోంచి అన్ని మతాల పిల్లల నోట్లోనూ అవే చుక్కలు పడ్డాయి. వాటితో సంతానం ఆగేదే అయితే 1995లో పల్స్‌పోలియో చుక్కలేసుకున్న తరం ఇవాళ తమ బిడ్డల్ని చంకనెత్తుకుని బూత్‌కు వచ్చేదా? కోవాక్జిన్, కోవిషీల్డ్‌లలో పంది జెలటిన్ లేదు.

అబద్ధానికి ధర చెల్లించింది పిల్లలే. 2002లో దేశంలో దాదాపు 1,600 మందికి పోలియో సోకింది. ఎక్కువమంది ఉత్తరప్రదేశ్ పిల్లలు. అందులో ముస్లిం బిడ్డలు జనాభాలో తమ వాటాను మించి ఉన్నారు. తర్వాత అలీగఢ్, జామియా మిలియా విశ్వవిద్యాలయాలు కదిలాయి. ఇమాములు మస్జిద్ మైకుల్లో చెప్పారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు.

మా మీద అబద్ధమాడారు గనుక మా అబద్ధం మాకు చెల్లుతుందా? చెల్లదు. మాకు జరిగిన అన్యాయం మా బిడ్డ కాలు చచ్చుబడటానికి సాకు కాకూడదు. మా గల్లీ పుకారును రుజువేదని ఇవాళ నిలదీయకపోతే, రేపు మా మీద పుకారు లేచినప్పుడు రుజువడిగే నోరు మాకుండదు.