పరవాసి పోరాడిన నాల్గవ రౌండు

ధ్యానభాగము: యిర్మీయా 29:4–7



అపొస్తలుడైన పౌలు తన సేవను పరుగుపందెముతోను ముష్టియుద్ధముతోను పోల్చి కొరింథీయులకు వ్రాసెను (1 కొరింథీ 9:24–27). ఒక ముష్టియోధుని చరిత్ర నుండి ఈ మాసము మనమును ఒక పాఠము నేర్చుకొందము.

ఆల్బర్ట్ ష్నైడర్ 1897లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ పట్టణమున జన్మించెను. బాల్యమందే కుటుంబముతో కెనడాలోని మాంట్రియల్‌కు వలస వచ్చి, అచ్చటనే పెరిగి, బాక్సింగు నేర్చెను. 1920లో బెల్జియము దేశపు ఆంట్వెర్ప్‌లో జరిగిన ఒలింపిక్ క్రీడలకు కెనడా పక్షమున వెళ్లెను. కాగితములలో మాత్రము అతడింకను అమెరికా పౌరుడే. అమెచ్యూరు గనుక గెలిచినను రొక్కపు బహుమానము లేదు.

అంతిమ పోటీలో బ్రిటనుకు చెందిన అలెగ్జాండర్ ఐర్లండ్ అతనికి ఎదురు నిలిచెను. మూడు రౌండ్లు ముగిసినను గెలుపెవరిదో తేలలేదు. మరియొక రౌండు పోరాడవలసివచ్చెను. అది ముగిసిన పిమ్మట వెల్టర్‌వెయిట్ స్వర్ణపతకము ష్నైడర్‌కు దక్కెను.

"ఇది నేను పుట్టిన దేశము కాదు గదా, ఇంత శ్రమ ఎందుకు?" అని అతడు చేతులు దించియుండవచ్చును. దించలేదు. తన్ను చేర్చుకొని పెంచిన దేశము కొరకు నాల్గవ రౌండును పోరాడెను.

ప్రియులారా, మనలో కొందరము "మన పౌరస్థితి పరలోకమందున్నది, ఈ ఊరి సంగతి మనకేల?" అందుము. మొదటి మాట సత్యమే (ఫిలిప్పీ 3:20). రెండవ మాట భక్తి వేషము ధరించిన సోమరితనము. పొరుగువాని బిడ్డ బడి మానినను, ఊరి బావి పాడైనను, మనము గుడి తలుపు మూసికొని పాడుకొందుమా? చెరలోనున్న యూదులను సయితము దేవుడు ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, తమ్మును బంధించిన బబులోను క్షేమము కొరకే ప్రార్థించుమనెను.

మన ప్రభువు పరమును విడిచి మన మధ్య పరవాసిగా నివసించెను. మనము ఆయనను త్రోసివేసితిమి. అయినను సిలువవరకు ఆయన వెనుదీయలేదు.

సహోదరీ, సహోదరుడా, నీవు చేయవలసినదంతయు చేసి అలసితివా? ఫలితము ఇంకను తేలలేదా? చేతులు దించకుము. ఆ బాక్సరు పొందినది క్షయమగు పతకము. నీ కొరకున్నది అక్షయమైన కిరీటము.

ప్రార్థన: ప్రభువా, మేము యాత్రికులమైనను, నీవు మమ్మును ఉంచిన ఊరిని ప్రేమించి, కడవరకు దానికొరకు శ్రమించు కృప దయచేయుము. ఆమేన్.